ఇడ్లీ బండి దగ్గర ఎడమకు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు కొందరు ఈ మధ్య కలిసినప్పుడు నన్నొక ప్రశ్న అడిగారు. "మేడమ్, కథ రాయమంటే పిల్లలు ఏదో ఒకటి అల్లేస్తున్నారు. ఉన్న విషయం ఉన్నట్టు, ఎదుటివాడికి తెలిసేట్టు రాయమంటేనే రావడం లేదు. మీరెలా నేర్పేవారు?" అని. ముందు టీ తాగమన్నాను. నిజం చెప్పాలంటే నా సర్వీసులో ఎక్కువ భాగం నేనది నేర్పలేదు. నేర్పుతున్నానని అనుకున్నానంతే. ఆ రెంటికీ తేడా ఎక్కడ తెలిసిందో ఇప్పుడు చెబుతాను. ఇందులో మీకు పనికొచ్చే పద్ధతి ఏదైనా ఉంటే తీసుకోండి. లేకపోతే ఒక ఆఫీసరమ్మ మండుటెండలో కుక్క కోసం వెతికిన సంగతిగా చదువుకోండి.

నేను చివరగా పనిచేసిన బడి పుప్పాలగూడ వైపు, ఒక పాత గల్లీ లోపల ఉండేది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, ఒక వరండా. టీచర్లం ఇద్దరమే: హెడ్మాస్టరు గారు, నేను. చుట్టూ అద్దాల మేడలు లేచాయి. మా వెనక కట్టిన అపార్టుమెంట్లకు ఇంగ్లీషులో ఏదో తోట పేరు పెట్టారు. అక్కడ నిజంగా తోట ఉన్న రోజుల్లో దానికి పేరే లేదు. ఆ అపార్టుమెంట్లకు కాపలా ఉండేవాళ్ళ పిల్లలు, అక్కడ ఊడ్చి తుడిచేవాళ్ళ పిల్లలు, కార్లు నడిపేవాళ్ళ పిల్లలు మా దగ్గర చదివేవారు. ఇంకా లేస్తున్న మేడల మీద పనిచేయడానికి పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు కూడా.

పాఠ్యపుస్తకంలో 'వివరించి రాయండి' అని ఒక అభ్యాసం ఉంటుంది. దానికి నా పద్ధతి నాకుండేది. 'గ్రంథాలయం' అని బోర్డు మీద రాసి, దాని కింద వరసగా వాక్యాలు రాసేదాన్ని. గ్రంథాలయం విజ్ఞాన భాండాగారం. గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించాలి. పిల్లలు అవి ఎక్కించుకునేవారు. కొట్టివేతలు లేకుండా ఎక్కించుకున్నవాళ్ళకు మంచి మార్కులు. ఒకసారి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన పిల్ల, కాగితం చేతికిచ్చాక, దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"టీచర్, గ్రంథాలయం అంటే ఏంది?"

ఆ పిల్ల అప్పుడు నాలుగో తరగతి. తండ్రి ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. మూడో తరగతిలో ఈమెకొక చెల్లెలు ఉండేది, నోట్లో నుంచి మాట రావడమే గగనం. ఈ అక్కాచెల్లెళ్ళను గుర్తు పెట్టుకోండి, మిగతా కథ వాళ్ళదే.

ఆ ఏడాదే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు సేవా కార్యక్రమం కింద మా బడికి ఒకమ్మాయిని పంపారు. శనివారాలు వచ్చి, పిల్లలకు సమాచారం రాయడం నేర్పుతుందట. కడప నుంచి వచ్చిన అమ్మాయి. సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం ఆమె ఉద్యోగం.

"అవి ఎవరు చదువుతారమ్మా?" అని అడిగాను.

"ఎవురూ చదవరు మేడమ్. చదివినారంటే ఏందో చెడిపోయిందని అర్థం" అంది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

మొదటి శనివారం ల్యాప్‌టాప్ నిండా రంగురంగుల బొమ్మలు తయారు చేసుకుని వచ్చింది. హెడ్మాస్టరు గారు ఆమెను గది చుట్టూ తిప్పి చూపించారు. "కరెంటయితే ఉన్నది బిడ్డా. కానీ దేని మీద చూపెడ్తవు? ఈ గోడ మీద వెలుతురు పడ్డా సున్నం రాలుతది." ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. ఆ మూయడమే మా పిల్లల అదృష్టం అనుకుంటాను.

ఆమె పద్ధతి చాలా తేలిక. "మీకు బాగా తెలిసిన పని ఎట్ల చెయ్యాల్నో రాయండి. మీరు రాసింది రాసినట్టు నేను చేస్తా. రాయనిది చెయ్యను" అంది. వాచ్‌మన్ కూతురు 'జడ వేయడం ఎలా' అని రాసింది. జుట్టును మూడు పాయలు చేయాలి. ఒకదాని మీద ఒకటి వేయాలి. చివరకు రబ్బరు పెట్టాలి. జడ అయిపోయింది. ఇక ప్రయోగానికి తల కావాలి. హెడ్మాస్టరు గారి తల ఆ పనికి రాదని చూస్తేనే తెలుస్తుంది కాబట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. కడప అమ్మాయి నా జుట్టును మూడు పాయలు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రబ్బరు పెట్టింది. పిల్లలు నేల మీద పడి నవ్వారు. వాచ్‌మన్ కూతురు మాత్రం నవ్వలేదు. కాగితాన్ని, నా తలను మార్చి మార్చి చూసి, "ఎడమ పాయ నడిమి పాయ మీదకెల్లి పోవాలె. గది రాయలే నేను" అంది. కాగితం లాక్కుని మళ్ళీ రాసింది. మూడోసారికి నా జడ కుదిరింది. నా సర్వీసులో ఒక పిల్ల తాను రాసిన దాన్ని తనంతట తాను దిద్దుకోవడం నేను చూసింది అప్పుడే. అప్పటి వరకు ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉండేది మరి.

వేసవి సెలవులు దాటి పిల్లలు పై తరగతులకు వచ్చారు. వర్షాకాలం వెళ్ళాక మా బడి మీద పిడుగు పడింది. పిల్లలు తక్కువగా ఉన్నారు కాబట్టి మా బడిని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేయాలని ప్రతిపాదన. కాగితం మీద చూస్తే రెండు బడులూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్న రోడ్డు కాగితం మీద ఒక సన్నని గీత. ఆ గీత మీద పొద్దున్నుంచీ కంపెనీ బస్సులు, క్యాబులు, ఆలస్యమైపోయిన బైకులు తెంపు లేకుండా పోతుంటాయి. మా పిల్లల తల్లిదండ్రులు పొద్దున్నే పనుల్లోకి పోయేవాళ్ళు. రోడ్డు దాటించే తీరిక ఎవరికీ లేదు. బడి అటు పోతే సగం మంది చదువు ఇటే ఆగిపోతుందని మా ఇద్దరికీ తెలుసు.

అంతకుముందే ఒక ఉద్యోగి విచారణకు బయలుదేరి మా బడి దొరక్క వెనక్కి పోయాడు. ఫోన్‌లో మ్యాపు మా బడిని అపార్టుమెంట్ల ప్రహరీగోడ లోపల చూపిస్తుంది. అటు వెళ్తే వెనక గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు. ఆ ఉద్యోగి 'పాఠశాలకు దారి లేదు' అని రాసుకుపోయాడట. హెడ్మాస్టరు గారు పరేషాన్ అయిపోయారు. "ఏంది మేడమ్ గిది! ఫోన్ల లేకుంటే ఇగ లోకంలనే లేనట్టా?" కడప అమ్మాయి మ్యాపును సరిచేయమని ఫిర్యాదు పెట్టింది. పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. ఆ పరిశీలన ఇంకా నడుస్తున్నట్టుంది.

ఈసారి పై ఆఫీసరమ్మ స్వయంగా వస్తున్నారని కబురు. హెడ్మాస్టరు గారు ఆటో ఎక్కి ఎదురు వెళ్తానన్నారు. ఆఫీసరమ్మ ఫోన్‌లో ఒప్పుకోలేదు. "మీరు రావొద్దండీ. దారి ఉంటే నేను రాగలగాలి. రాలేకపోతే రాలేదనే రాసుకుంటాను" అన్నారు.

అప్పుడు కడప అమ్మాయి అంది. "దారి పిల్లోళ్ళనే రాయమందాం మేడమ్. రోజూ నడిచేది వాళ్ళే గదా."

బడి భవిష్యత్తును పిల్లల వాక్యాల మీద పెట్టడం తెలివైన పనో కాదో ఆలోచించే లోపలే పిల్లలు రాయడం మొదలుపెట్టారు. ఒకడు "మా బడి ఎంతో సుందరమైనది" అని మొదలుపెట్టాడు. అది నా శిక్షణ ఫలితం. ఇంకొకడు "మా అత్తమ్మ ఇంటి కాడ పక్కకు మలగాలి" అని రాశాడు.

"అది మీ అత్తమ్మ ఇల్లని ఆ మేడమ్‌కి ఎట్ల తెలుస్తాది?" అంది కడప అమ్మాయి.

"అడిగితే మా అత్తమ్మ చెప్తది గద!"

"చదివేటోళ్ళకు ఏం కనపడతాందో అది రాయాల నాయనా. నీకు తెలిసింది కాదు."

చివరకు ఐదో తరగతికొచ్చిన వాచ్‌మన్ కూతురు రాసిన దారి నిలబడింది. పెద్ద రోడ్డు మీద బండి దిగాలి. ఇడ్లీ బండి దగ్గర ఎడమకు తిరగాలి. ఎర్ర కుక్క పడుకున్న గల్లీలోకి రావాలి. కుక్క ఏమీ అనదు. వెల్డింగ్ చప్పుడు వినపడే దాకా నడవాలి. ఆ దుకాణం పక్కన నీలం గేటు మా బడి.

శనివారం పొద్దున్నే పరీక్షించాం. కడప అమ్మాయి తన ఆఫీసులో పనిచేసే ఒకాయనను, ఈ చుట్టుపక్కలకు ఎన్నడూ రానివాణ్ణి పట్టుకొచ్చి పెద్ద రోడ్డు మీద వదిలేసింది. ఆయన కాగితం చూసుకుంటూ, ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా బడిలోకి వచ్చాడు. దారిలో ఇడ్లీ కూడా తిన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. హెడ్మాస్టరు గారు ఆ కాగితాన్ని ఫొటో తీసి ఆఫీసరమ్మ ఫోన్‌కు పంపారు.

ఆఫీసరమ్మ రావాల్సిన రోజు పొద్దున్నుంచీ ఎదురు చూశాం. కడప అమ్మాయి ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. హెడ్మాస్టరు గారు పూలగుత్తి పట్టుకుని వరండాలో తిరుగుతూనే ఉన్నారు. ఆఫీసరమ్మకు ముందు ఇంకో మీటింగు తగిలింది. పిల్లల భోజనాలు అయ్యే వేళకు ఫోన్ మోగింది.

"ఇడ్లీ బండి ఎక్కడుందండీ? ఇక్కడ అలాంటిదేమీ లేదు."

నేను, కడప అమ్మాయి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇడ్లీ బండి పొద్దున పూట ఉంటుంది. ఎండెక్కితే ఆయన గిన్నెలు కడుక్కుని వెళ్ళిపోతాడు. పిల్లలు బడికొచ్చే వేళకు ఉంటుంది కాబట్టి పిల్లలు రాశారు. మేం పరీక్షించింది కూడా ఆ వేళకే. ముగ్గురు పెద్దవాళ్ళం, అందులో ఒకరు ఇదే పని మీద జీతం తీసుకునేవారు, మధ్యాహ్నం అనేది ఒకటుంటుందని ఎవరికీ తోచలేదు.

హెడ్మాస్టరు గారు ఏదో సర్ది చెప్పబోయారు. అంతలో వాచ్‌మన్ కూతురు వచ్చి ఆయన చేతిలోని ఫోన్‌కు నోరు దగ్గరగా పెట్టింది.

"మేడమ్, మీకిప్పుడు ఏం కనవడుతుంది?"

"ఎవరు నువ్వు?"

"దారి రాసింది నేనే మేడమ్. బండి పోయుంటది. అది నిలవడే కాడ రోడ్డు మీద నల్లగ నూనె జిడ్డు ఉంటది. చూడుర్రి."

"ఉంది."

"గాడ ఎడమకు మలగుర్రి."

కడప అమ్మాయి ఫోన్ స్పీకరు పెంచింది. బడి పిల్లలంతా చుట్టూ మూగారు. ఆఫీసరమ్మ చెప్పుల చప్పుడు మా వరండాలో వినపడుతోంది.

"ఇక్కడ రెండు గల్లీలున్నాయి. కుక్క ఏదీ లేదు."

"ఎండకు గిట్ల బయట పండదు మేడమ్. నీళ్ళ ట్యాంకర్ ఆపి ఉంటది చూడుర్రి, దాని కింద ఉంటది."

అంత పెద్ద ఆఫీసరమ్మ వంగి ట్యాంకరు కింద చూస్తున్న దృశ్యం ఊహించుకుని హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఆఁ, ఉంది. ఎర్రదే" అంది ఆఫీసరమ్మ గొంతు. అందులో కొంచెం సంతోషం కూడా ఉన్నట్టు నాకనిపించింది.

వెల్డింగ్ చప్పుడు కూడా లేదు. ఆ దుకాణం కుర్రాళ్ళు అన్నానికి పోయారు. గోడకు ఆనించిన ఇనుప గేట్లు చూడమంది మా పిల్ల. చూశారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇక మిగిలింది మా గేటే కదా!

"అమ్మాయ్, నీలం గేటు లేదే? ఆకుపచ్చ గేటొకటి ఉంది."

పిల్లలంతా హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. ఆయన పూలగుత్తి వైపు తిరిగారు. పెద్ద ఆఫీసరు వస్తున్నారని, గేటు తుప్పు పట్టిందని, ముందురోజు సాయంత్రం మేమంతా ఇళ్ళకు పోయాక ఆయన పక్కనుండి మరీ రంగు వేయించారు. పొద్దున మేం చూశాం, బాగుందన్నాం. రాసిన కాగితం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"గదే మేడమ్" అంది మా పిల్ల. "సార్ రంగు ఏపిచ్చిండు. తొయ్యకుర్రి, పచ్చిగున్నది!"

ఆ హెచ్చరిక ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆఫీసరమ్మ అరచేయి ఆకుపచ్చగా చేసుకుని మా బడిలోకి అడుగుపెట్టారు. నమస్కారం పెట్టాలో, పూలగుత్తి ఇవ్వాలో, కిరోసిన్ గుడ్డ ఇవ్వాలో తెలియక హెడ్మాస్టరు గారు మూడూ ఒకేసారి చేయబోయారు.

ఆవిడ కోపగించుకోలేదు, నవ్వనూ లేదు. గదులు చూశారు, హాజరు చూశారు. తర్వాత పిల్లల ముందు కూర్చుని, "దారి బాగానే రాశారు. ఇప్పుడు ఇక్కడి నుంచి రోడ్డు అవతలి బడికి ఎలా వెళ్ళాలో రాయండి" అన్నారు.

ఎక్కువమంది గబగబా రాసేశారు. పెద్ద రోడ్డు దాటాలి, కుడికి తిరగాలి, బడి వస్తుంది. ఆవిడ ఒక్కొక్కటే చదివి పక్కన పెట్టారు. చివరకు చెల్లెలి కాగితం చేతికొచ్చింది. మాట పెగలని ఆ పిల్ల వంకర అక్షరాలతో ఇలా రాసింది.

రోడ్డు కాడికి పోవాలి. ఆగాలి. ఆగాలి. ఆగాలి. ఎవరన్న అంకుల్ వస్తే చేయి పట్టుకోవాలి.

అంతే. అవతలి బడి ఆ కాగితంలో రానే లేదు.

"తర్వాత?" అని అడిగారు ఆఫీసరమ్మ. "తర్వాత ఎరుకలేదు మేడమ్. మేం ఎప్పుడు దాటలే" అని అక్క జవాబిచ్చింది.

కడప అమ్మాయి గొంతు సవరించుకుంది. "మేడమ్, మా కాడ ఒక అలవాటుంది. రాసింది రాసినట్టు చేసి చూస్తాం."

హెడ్మాస్టరు గారు ఆమెను ఆపమన్నట్టు నా వైపు చూశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆఫీసరమ్మ లేచి చెల్లెలి చేయి పట్టుకున్నారు. "పదండి."

పెద్ద రోడ్డు అంచున నిలబడ్డాం. ఆఫీసరమ్మ కాగితం చూసి పైకి చదివారు. "ఆగాలి." ఆగాం. బస్సులు పోయాయి. "ఆగాలి." క్యాబులు పోయాయి. మూడో 'ఆగాలి' కూడా అయిపోయింది. రోడ్డు మాత్రం అయిపోలేదు. హెడ్మాస్టరు గారు ఉండబట్టలేక, వాహనాలను ఆపడానికి చేయి పైకెత్తి రోడ్డు మీదకు దిగబోయారు.

"సార్, మీరు ఇందులో లేరండీ" అన్నారు ఆఫీసరమ్మ, కాగితం చూపిస్తూ. ఆయన వెనక్కి వచ్చారు.

అంకుల్ కోసం చూశాం. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒక కుర్రాడు వచ్చాడు. రోడ్డును ఒకసారి, ఫోన్‌ను ఒకసారి చూసి, అవతలికి పోవడానికే క్యాబు బుక్ చేసుకుని ఎక్కి వెళ్ళిపోయాడు. చెల్లెలు ఆఫీసరమ్మ ఆకుపచ్చ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. మేం ఇన్నాళ్ళుగా అర్జీల్లో 'రహదారి రద్దీ దృష్ట్యా విద్యార్థులకు అసౌకర్యం' అని రాస్తూ వచ్చాం. అసౌకర్యం అంటే ఇదీ అని ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు.

చాలాసేపటికి ఆఫీసరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. "బడికి పోదాం" అన్నారు. కారెక్కేటప్పుడు కూడా ఏమీ అనలేదు. "ఏమనుకున్నదో ఏమో! జర నవ్వినా బాగుండు" అంటూ హెడ్మాస్టరు గారు చాలా రోజులు ఫికర్ చేశారు.

తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. హెడ్మాస్టరు గారు క్లాసులోకే తెచ్చి గట్టిగా చదివారు. "పరిపాలనా కారణముల దృష్ట్యా విలీన ప్రతిపాదనను ప్రస్తుతానికి పక్కన పెట్టడమైనది." చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎందుకు పక్కన పెట్టారో, ఎవరు పెట్టారో, ఎన్నాళ్ళు పెడతారో ఆ వాక్యంలో లేదు. రోడ్డు లేదు, పిల్ల లేదు. మా ఐదో తరగతిలో ఎవరైనా అలా రాసి ఉంటే జడ విప్పించి మళ్ళీ వేయించేవాళ్ళం. అయినా దానంత మంచి వాక్యం నేను ఆ ఏడాది వినలేదు. ఆ 'ప్రస్తుతం' నేను రిటైరయ్యే దాకా సాగింది.

పిల్లలు మాత్రం మా మొహాలు చూస్తూ కూర్చున్నారు. సంతోషించాలో ఏడవాలో వాళ్ళకు తెలియలేదు.

వాచ్‌మన్ కూతురు ఆర్డరును చేతిలోకి తీసుకుని కూడబలుక్కుని చదివింది. "టీచర్, గిది రాసినోళ్ళు ఎవ్వరికన్న చదివి చూపెట్టలేదా?" అంది. కడప అమ్మాయి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

ఆ పిల్ల చాక్‌పీసు తీసుకుని, ఆర్డరును అందరికీ తెలిసేట్టు బోర్డు మీద రాసింది. మన బడిని తీస్తలేరు. ఇక్కడనే ఉంటది. రేపు అందరు బడికి రావాలి.

పిల్లలు కేకలు పెట్టారు. ఆ గోలలో చెల్లెలు లేచి నిలబడింది. క్లాసులో తనంతట తాను ఆ పిల్ల నోరు విప్పింది అప్పుడే.

"అక్కా, రేపు ఐతారం."

అక్క బోర్డును ఒకసారి చదువుకుంది. 'రేపు' తుడిచేసి, 'సోమవారం' అని రాసింది.